మా మనవల తొలి సంగీత పరీక్ష

పిల్లల్ని కర్ణాటక సంగీతం పరీక్షకు పంపుతున్నామని చెబితే తోటివాళ్లు ముందుగా అడిగే మాట "ఎన్ని పాటలు రావాలండీ?" అని. మొదటి మెట్టులో పాటల పని చాలా తక్కువ. సరళి స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు అనే స్వరాల వరసల్ని మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, పాడాలి. గీతాలనే చిన్న పాటలు రెండు మూడు స్వరంతోనూ సాహిత్యంతోనూ పాడాలి. సంగీత శాస్త్రంలో కొన్ని ప్రశ్నలకు నోటితో జవాబు చెప్పాలి. అంతే. ఈ కాస్తకే మా మనవరాలు, మనవడు ఏడాదికి పైగా కష్టపడ్డారు. ఆ కష్టం ఎక్కడుందో, దేనివల్ల తీరిందో పక్కన కూర్చుని చూశాను కాబట్టి రాస్తున్నాను. ఇప్పుడిప్పుడే పిల్లల్ని చేర్పిస్తున్నవాళ్లకు పనికొస్తుందని నా ఆశ.

మేం ఉండేది విజయవాడ సత్యనారాయణపురంలో. నేను రైల్వేలో పనిచేసి రిటైరయ్యాను. అమ్మాయి, అల్లుడు ఇద్దరూ ఉద్యోగస్తులు కావటంతో పిల్లల్ని బడికి దింపటం, తీసుకురావటం, సంగీతం క్లాసుకి తిప్పటం మా ఆవిడా నేనూ చూసుకుంటాం. పాపకు తొమ్మిదేళ్లు, బాబుకు ఏడు నిండాయి. నేను పాట నేర్చుకోలేదు గానీ, పొద్దున్నే బెజవాడ రేడియోలో భక్తిరంజని వింటూ పెరిగిన తరం మాది. మా ఆవిడకు మంగళహారతులు, తరంగాలు చాలా వచ్చు. వాళ్లమ్మగారి దగ్గర విని పట్టుకుంది.

పిల్లల్ని సంగీతానికి పంపటం బెజవాడలో కొత్త సంగతి కాదు. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు ఈ ఊళ్లోనే శిష్యులకు పాఠం చెప్పారు. బాలమురళీకృష్ణ గారు చిన్నప్పుడు ఆయన దగ్గరే నేర్చుకున్నారు. పంతులు గారి గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, వెంకటసుబ్బయ్య గారి గురువు సాక్షాత్తూ త్యాగరాజస్వామి. ఈ వరస పిల్లలకు చెప్పినప్పుడు పాప వేళ్లమీద లెక్కపెట్టుకుని, "అయితే త్యాగరాజస్వామి మన వీధికి ఇంత దగ్గరా తాతయ్యా!" అంది. ఆ దగ్గరితనం పిల్లలకు తెలియాలని నాకు గట్టి కోరిక. ఘంటసాల గారి పేరు పెట్టుకున్న ప్రభుత్వ సంగీత కళాశాల మాకు పక్కనే దుర్గాపురంలో ఉంది. దానికి తొలి ప్రిన్సిపాల్ బాలమురళి గారే. అక్కడ సర్టిఫికెట్ కోర్సు, ఆపైన డిప్లొమా ఉన్నాయి. మా పిల్లలు చిన్నవాళ్లు కాబట్టి ముందు ఇంటి దగ్గర క్లాసుతో మొదలుపెట్టి, ప్రైవేటుగా పిల్లలకు పెట్టే ప్రాథమిక పరీక్షకు పంపాలనుకున్నాం.

మొదట పంపిన చోట చాలామంది పిల్లల్ని ఒకేసారి కూర్చోబెట్టేవారు. అందరికీ ఒకటే శ్రుతి, అంటే అందరూ ఒకే ఎత్తులో "స" ఎత్తుకోవాలి. ఆ శ్రుతి మా పాపకు ఎక్కువ. పై షడ్జమం (పై "స") దగ్గరకు వచ్చేసరికి మెడ నరాలు బిగిసేవి, గొంతు పెట్టి అరిచేది. గుంపులో ఎవరి గొంతు ఎక్కడుందో వినేవాళ్లు లేరు. వార్షికోత్సవానికి పాటలు నేర్పించారు, చప్పట్లు బాగానే పడ్డాయి. కానీ ఇంటికొచ్చాక ఒక్కదాన్నే పాడమంటే "స" ఎక్కడ ఎత్తుకోవాలో పిల్లకు తెలియదు. గొంతు కూడా తరచూ బొంగురుపోతుంటే అక్కడ మాన్పించాం.

తర్వాత దొరికిన టీచర్ గారు డిప్లొమా చేసినావిడ. ఇంట్లోనే చెబుతారు, ఒక్కో బ్యాచ్‌కి నలుగురైదుగురు మాత్రమే. మొదటి క్లాసులో ఆవిడ ఏ పాఠమూ చెప్పలేదు. తంబూరా యాప్ పెట్టి, ఒక్కో శ్రుతిలో పిల్లల చేత "స, కింద ప, పై స" మాత్రమే అనిపించారు. కింద పంచమం (ప) వినిపించాలి, పైన షడ్జమం అరవకుండా అందాలి, ఆ రెండూ కుదిరిన చోటే పిల్ల శ్రుతి అన్నారు. పాపకు ఐదు శ్రుతి కుదిరింది, బాబుకు ఐదున్నర; అంకె పెరిగితే శ్రుతి ఎత్తు పెరిగినట్టు. "ఇద్దరినీ ఒకటే శ్రుతిలో కూర్చోబెడితే మీకు సులువు కదమ్మా" అని నేనంటే, "నాకు సులువే బాబాయి గారూ, వాళ్ల గొంతుకు కాదు. ఇంటి దగ్గర కూడా విడివిడిగానే పెట్టండి" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో ఒక గదిలో ఐదు, ఇంకో గదిలో ఐదున్నర మోగుతుంటాయి. పిల్లలు పెరిగే కొద్దీ ఈ శ్రుతి మారుతుందట. అందుకని ఆవిడ అప్పుడప్పుడూ మళ్లీ చూస్తుంటారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలనుంది. క్లాసు వెతుక్కునేటప్పుడు ఫీజు ఎంత, ఎన్ని పాటలు నేర్పుతారు అని అడిగేకన్నా, మా పిల్ల శ్రుతి విడిగా చూస్తారా అని అడగండి. మా ఇంట్లో మిగతా మార్పులన్నీ దాని తర్వాతే వచ్చాయి.

ఇక మూడు కాలాల సంగతి. పిల్లలు ఎక్కువ రోజులు ఆగిపోయింది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

సరళి స్వరాల్లో మొదటి వరస అందరికీ తెలిసిందే, ఎక్కేటప్పుడు ఎనిమిది స్వరాలు, దిగేటప్పుడు ఎనిమిది. ఆది తాళంలో పాడాలి. ఆది తాళమంటే నాలుగు అక్షరాల (చేతి లెక్కల) లఘువు అనే భాగం, తర్వాత రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు, మొత్తం ఎనిమిది. మొదటి కాలంలో ఒక్కో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. చెయ్యి వేగం మాత్రం మారకూడదు. చెప్పటానికి తేలికే. కానీ పిల్లలు రెండో కాలం ఎత్తుకోగానే గొంతుతో పాటు చెయ్యి కూడా పరుగెత్తుతుంది. మూడో కాలానికి వచ్చేసరికి తాళం ఎక్కడుందో వాళ్లకే తెలియదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ పదహారు స్వరాలు మొదటి కాలంలో రెండు ఆవర్తనాలు (తాళం చుట్లు) పడతాయి, రెండో కాలంలో సరిగ్గా ఒకటి. మూడో కాలంలో అర ఆవర్తనంలోనే అయిపోతాయి. అంటే వరస ఒకసారి పాడి ఆపితే చెయ్యి లఘువు చివర ఉంటుంది, ద్రుతాలు రెండూ ఖాళీగా మిగిలిపోతాయి. మళ్లీ ఒకసారి పాడితేనే తాళం పూర్తయి సమానికి, అంటే తాళం మొదటి దెబ్బకు, వస్తుంది. బాబు చాలాకాలం వరస అయిపోగానే ఆపేసేవాడు. వాడి లెక్కలో పాట అయిపోయింది, తాళం లెక్కలో సగమే అయింది. టీచర్ గారు వాడికి మాటలతో చెప్పటం మానేసి, పలక మీద ఎనిమిది గళ్లు గీసి, ఒక్కో గడిలో నాలుగేసి స్వరాలు వాడి చేతే రాయించారు. నాలుగు గళ్లకే వరస అయిపోయి నాలుగు ఖాళీగా కనిపించాయి. "ఇవి ఎవరు నింపుతారు?" అని అడిగారు. అంతే, ఆ తర్వాత వాడు మధ్యలో ఆపలేదు.

చెయ్యి పరుగెత్తటానికి మందు వేరే. ఒకరు పాడితే ఇంకొకరు తాళం వెయ్యాలి, పాడేవాళ్లు తమ చెయ్యి కదపకూడదు. అక్కాతమ్ముళ్లు కాబట్టి మాకిది బాగా కుదిరింది. బాబు చెయ్యి మొదట్లో అక్క గొంతుతో పాటే పరుగెత్తేది. కొన్నాళ్లకు వాడికి పట్టుదల వచ్చింది, అక్క ఎంత తొందరపడ్డా చెయ్యి మాత్రం గోడగడియారంలా వేసేవాడు. పరీక్షకు వెళ్లే వేళకు ఇంట్లో అందరికన్నా వాడి తాళమే గట్టిది. స్వరాలు రాగం లేకుండా ఉత్త మాటల్లా చెబుతూ తాళం వెయ్యటం కూడా చేయించారు. గొంతు పని తీసేస్తే పిల్లల ధ్యాసంతా చేతి మీదే ఉంటుంది.

మొదటి కాలం ఎంత నిదానంగా ఎత్తుకోవాలన్నది కూడా ముఖ్యం. నిమిషానికి 60 దెబ్బల వేగంతో ఎత్తుకుంటే మూడో కాలంలో సెకనుకు నాలుగు స్వరాలు పడాలి. ఏడేళ్ల పిల్లవాడి నాలుకకు అది ఎక్కువ. 45తో ఎత్తుకుంటే సెకనుకు మూడు. ఆ తేడా వినేవాళ్లకు పెద్దగా తెలియదు, పాడేవాడికి మాత్రం ప్రాణం లేచొస్తుంది. టెన్షన్‌లో పిల్లలు మామూలు కన్నా తొందరగా ఎత్తుకుంటారు. అందుకే టీచర్ గారు పరీక్షకు ముందు కొన్ని వారాలు మొదటి కాలం ఒక్కటే, అదీ బాగా నెమ్మదిగా పాడించారు. రోజూ మూడు కాలాలూ పాడిస్తేనే అలవాటవుతుందని మా అల్లుడి వాదన. ఆవిడ ఒప్పుకోలేదు. ఆవిడదే సరైన పద్ధతని నాకు కళ్లారా తెలిసింది.

స్వరస్థానాల (ఒక్కో స్వరం పలకాల్సిన ఎత్తు) విషయంలో పాపకు ఒక ఇబ్బంది వచ్చింది. పిల్లలందరూ మాయామాళవగౌళ రాగంతోనే మొదలుపెడతారు. పురందరదాసుల వారి నుంచి వస్తున్న పద్ధతి ఇది. అందులో రిషభం (రి) షడ్జమానికి బాగా దగ్గర, గాంధారం (గ) రిషభానికి బాగా దూరం, మళ్లీ గాంధారానికి మధ్యమం (మ) దగ్గర. సగం దాటాక పంచమం, ధైవతం (ద), నిషాదం (ని), పై షడ్జమం మధ్య కూడా అవే ఎడాలు. అంటే కింది సగం సరిగ్గా పట్టుబడితే పై సగం దానంతటదే దారిలో పడుతుంది. పిల్లలకు ఈ రాగంతో మొదలుపెట్టటంలో ఉన్న సౌకర్యం నాకు అప్పుడు బోధపడింది.

మా పాప దిగేటప్పుడు "గ రి స" అనే చోట రిషభాన్ని కాస్త పైకి పాడేది. ఎక్కేటప్పుడు సరిగ్గానే ఉండేది. గాంధారం నుంచి దూరం దూకాలి కదా, దూకటానికి భయపడి ముందే ఆగేది. ఇది పెద్ద వరసలు పాడిస్తే పోలేదు. తంబూరా పెట్టుకుని "స, రి, స" అని మూడే స్వరాలు, రిషభం దగ్గర ఎనిమిది అక్షరాల సేపు నిలబడమన్నారు. ఆ తర్వాత "గ, రి, స". రోజూ బడికి వెళ్లేముందు ఇదొక్కటే. వినేవాళ్లకు విసుగ్గానే ఉంటుంది, పక్కింటావిడ "మీ పిల్ల ఇంకా రి దగ్గరే ఉందా?" అని అడిగింది కూడా. ఉండనివ్వండి అన్నాను. ఆ రిషభం కుదిరిన రోజు మా ఆవిడ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి, "ఇదీ! ఇప్పుడు వినిపించింది" అని పిల్ల బుగ్గలు నిమిరింది.

అలంకారాలు వచ్చాక బాబుకు మహా ఉత్సాహం వచ్చింది, వాడికి లెక్కలంటే ఇష్టం. ఏడు తాళాలు, ఒక్కోదానికి ఒక్కో కొలత. జాతి అంటే లఘువుకు ఎన్ని అక్షరాలో చెప్పే మాట. చతురశ్ర జాతి ధ్రువ తాళం నాలుగు, రెండు, నాలుగు, నాలుగు కలిపి పద్నాలుగు. ఖండ జాతి అట తాళం ఐదు, ఐదు, రెండు, రెండు, అదీ పద్నాలుగే. మఠ్య తాళం నాలుగు, రెండు, నాలుగు కలిపి పది. మిశ్ర జాతి ఝంపె ఏడు, ఒకటి, రెండు, అదీ పదే. మొత్తం ఒకటే అయినా నడక వేరు. ఝంపెలో ఏడు అక్షరాల లఘువు పిల్లలకు కష్టం. ఒక దెబ్బ, తర్వాత ఆరు వేళ్ల లెక్క. చిటికెన వేలి నుంచి బొటనవేలి దాకా వస్తే ఐదే అవుతాయి, ఆరోదానికి మళ్లీ చిటికెన వేలికి రావాలి. చిన్న చేతులకు ఆ బొటనవేలు దాటి వెనక్కి రావటం అలవాటు కావటానికి సమయం పట్టింది. వాడు అన్నం తినేటప్పుడు కూడా ఎడం చేత్తో తొడమీద ఝంపె వేసుకునేవాడు.

గీతాలు వీటితో పోలిస్తే పిల్లలకు పండగే. మొదట పిళ్లారి గీతాలనే తొలి చిన్న పాటలు, మలహరి రాగంలో. మలహరి కూడా మాయామాళవగౌళ నుంచే పుట్టింది కాబట్టి స్వరస్థానాలు కొత్తవి కావు. నిషాదం అసలు లేదు, గాంధారం దిగేటప్పుడు మాత్రమే వస్తుంది. ఇక్కడ మా ఆవిడ పూనుకున్న పని ఒకటుంది. గీతం సాహిత్యం తాళానికి తగ్గట్టు సాగటంతో మాటలు ఎక్కడ విరుగుతున్నాయో పిల్లలకు తెలియదు, అర్థం లేని అక్షరాల్లా పాడేస్తారు. ఆవిడ ఒక్కో మాటకూ అర్థం చెప్పి, ముందు మామూలుగా చదివించి, తర్వాత పాడనిచ్చింది. ఉచ్చారణ బాగుందని పరీక్షలో అన్నారంటే ఆ ఘనత అమ్మమ్మదే.

శాస్త్రం గురించి భయపడాల్సిన పని లేదు. తెలుగులో స్వరం రాసుకోవటం ఎంత తేలికంటే, "స" అంటే ఒక అక్షరం, "సా" అంటే రెండు. బళ్లో నేర్చుకున్న హ్రస్వ దీర్ఘాలే ఇక్కడ కాలం కొలత. పైన చుక్క పెడితే తార (పై) స్థాయి, కింద పెడితే మంద్ర (కింది) స్థాయి. వాగ్గేయకారుల పేర్లు బట్టీ పట్టించకుండా నేను ఊళ్లతో చెప్పాను. గుంటూరు వెళ్లే దారిలో కాజ టోల్ ప్లాజా వస్తుంది కదా, తరంగాలు రాసిన నారాయణతీర్థులు ఆ కాజ వారని చెబుతారు. క్షేత్రయ్యది మొవ్వ, కూచిపూడి పక్కనే. త్యాగరాజస్వామి పూర్వీకులది ప్రకాశం ప్రాంతంలోని కాకర్ల. ఆయన, దీక్షితులు, శ్యామశాస్త్రి ముగ్గురూ పుట్టింది మాత్రం తిరువారూరులో. ఇప్పుడు మేం గుంటూరు బస్సెక్కితే టోల్ గేటు దగ్గర పిల్లలిద్దరూ ఒకేసారి "నారాయణతీర్థులు!" అని అరుస్తారు. మాయామాళవగౌళ 72 మేళకర్తల్లో (మూల రాగాల్లో) 15వది. ఆ 72లోనూ బాలమురళి గారు కీర్తనలు కట్టారని చెబితే బాబు నోరు తెరిచి చూశాడు.

మధ్యలో ఒకసారి మా అల్లుడు గారు అడిగారు, "మామయ్య గారూ, బళ్లో పరీక్షలు చాలవా? సంగీతానికి కూడా ఎందుకండీ?" అని. న్యాయమైన ప్రశ్నే. నేను చాలా ఆలోచించాను. పరీక్ష పేరు చెప్పి నాలుగు గీతాలు తోసేసి, రాత్రింబవళ్లు పాడించే చోట అయితే నేనూ వద్దనేవాణ్ణి. మా టీచర్ గారు ఫారం నింపిన రోజున కొత్త పాఠాలు ఆపేశారు. నేర్చుకున్నదాన్నే శుభ్రం చేసుకునే అవకాశంగా వాడారు. వచ్చిందనుకున్న జంట స్వరాలు ("స స రి రి" లాంటివి) మళ్లీ విప్పి, రెండు స్వరాల్లో రెండోది నొక్కి పలుకుతున్నారా లేదా అని చూశారు. మామూలు రోజుల్లో అయితే పిల్లలకు అంత ఓపిక ఉండదు, ముందుకు పోదామనే ఉంటుంది. పరీక్ష ఉంది కాబట్టి వెనక్కి తిరిగి చూసుకోవటానికి ఒప్పుకున్నారు. అదే మాట అల్లుడికి చెప్పాను. "అలాగైతే సరేనండి" అన్నారు.

ఇంట్లో సాధన మేం పెద్దగా పెంచలేదు. పొద్దున్నే బడికి ముందు కాసేపు, సాయంత్రం హోంవర్క్ అయ్యాక కాసేపు. పిల్లలు అలిసిపోయిన రోజున పాడించలేదు, తంబూరా పెట్టి విననిచ్చాం. మా ఊరి ఎండల సంగతి తెలిసిందే, బయటి నుంచి రాగానే ఫ్రిజ్ నీళ్ల కోసం పరుగెత్తేవాళ్లు. కుండనీళ్లు అలవాటు చేసింది మా ఆవిడ. పరీక్షకు వారం ముందు బాబుకు జలుబు చేసింది. టీచర్ గారికి ఫోన్ చేస్తే, "నోరు తెరవద్దని చెప్పండి. తాళం వేసుకుంటూ మనసులో పాడుకోమనండి" అన్నారు. వాడు మూడు నాలుగు రోజులు పెదవులు కూడా కదపకుండా చేత్తోనే అన్నీ పాడుకున్నాడు. గొంతు తేరుకున్నాక పాడమంటే ఏదీ మరిచిపోలేదు.

పరీక్ష రోజున హాలు బయట వరండా అంతా పిల్లలు, తల్లిదండ్రులు. పట్టుపరికిణీలు, జడకుచ్చులు, లాల్చీలు. కొందరు తల్లులు ఆఖరి నిమిషంలో పిల్లల చేత గట్టిగా పాడిస్తున్నారు. ఒక్కొక్కరిదీ ఒక్కో శ్రుతి, ఒక్కో తాళం. ఆ గోలలో నిలబడితే పిల్ల తన శ్రుతి మరిచిపోతుంది. టీచర్ గారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి మేం గేటు బయట కూర్చున్నాం. ఇయర్‌ఫోన్‌లో పాపకు ఐదు, బాబుకు ఐదున్నర తంబూరా మాత్రం సన్నగా వినిపించాం. ఒక్క వరస కూడా పాడించలేదు. చిన్నపిల్లల్ని ఇలాంటి చోటికి తీసుకెళ్లేవాళ్లు ఇదొక్కటి చేసినా చాలా మేలు.

లోపలికి పెద్దవాళ్లను రానివ్వలేదు. ఏం జరిగిందో పిల్లలు చెప్పిందే. పాపను "ఏ శ్రుతి అమ్మా?" అని అడిగితే "ఐదు శ్రుతి అండి" అందట. ఆ మాటకే పరీక్షకులావిడ నవ్వి తల ఊపారట. చాలామంది పిల్లలకు తమ శ్రుతి చెప్పటం తెలియదని తర్వాత మా టీచర్ గారు అన్నారు. త్రిపుట తాళం అలంకారం మూడు కాలాల్లో అడిగారు, తర్వాత దాన్నే స్వరాలు లేకుండా అకారంతో పాడమన్నారు. స్వరం పేరు నోట్లో ఉంటే స్థానం దొరకటం తేలిక. "ఆ" అంటూ ఏడు అక్షరాల తాళంలో పాడాలంటే మనసులో స్వరం స్పష్టంగా ఉండాలి. క్లాసులో అకారం రోజూ ఉండేది కాబట్టి తడబడలేదు. గీతం తర్వాత "మలహరిలో లేని స్వరం ఏది?" అని అడిగితే వెంటనే చెప్పింది.

బాబుకు జంట స్వరాల మూడో కాలంలో ఊపిరి చాలక తెగింది. వాడు ఏడవలేదు, కంగారుపడి మధ్యలోంచి అందుకోవటానికి చూడలేదు. చెయ్యి ఆపి, "మళ్లీ సమం నుంచి ఎత్తుకుంటానండి" అన్నాడట. పరీక్ష తీసుకుంటున్న పెద్దాయన "అలాగే నాన్నా, నిదానంగా" అన్నారట. రెండోసారి పూర్తి చేశాడు. తెగితే ఏం చెయ్యాలో కూడా టీచర్ గారు క్లాసులో నేర్పించారు. కావాలని మధ్యలో ఆపించి, మళ్లీ సమం నుంచి ఎత్తుకోవటం సాధన చేయించేవారు. పరీక్షకు తయారు చెయ్యటంలో ఆవిడ చేసిన పనులన్నింటిలో నాకు బాగా నచ్చింది ఇదే. పాట తెగటం ఎవరికైనా జరుగుతుంది. తెగిన చోట పిల్లవాడు నిలబడగలిగితే చాలు, మిగతాది సాధనతో వస్తుంది. శాస్త్రం ప్రశ్నల్లో ఝంపెకూ మఠ్యకూ తేడా అడిగారట. రెండూ వేసి చూపించి వచ్చాడు.

ఫలితాలు వచ్చినప్పుడు పాపకు ఫస్ట్ క్లాస్, బాబుకు సెకండ్ క్లాస్. బాబు మొహం కాస్త చిన్నబోయింది. పాప వాడి మార్కుల కాగితం తీసుకుని శాస్త్రంలో తనకన్నా వాడికే ఎక్కువ వచ్చాయని చూపించింది. తాళానికి కూడా మంచి మార్కులే. టీచర్ గారు ఆ కాగితం దగ్గర పెట్టుకుని ఎక్కడ తగ్గిందో ఇద్దరికీ విడివిడిగా చెప్పారు. పాపకు పై స్థాయిలో గొంతు సన్నబడుతోంది, విప్పి పాడటం ఇంకా రావాలి. బాబుకు ఊపిరి. ఏ మాటకు ముందు పీల్చుకోవాలో గీతం పుస్తకంలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టించారు.

ఇప్పుడు క్లాసులో దాటు స్వరాలు (స్వరాల్ని దాటుకుంటూ పాడే వరసలు), మోహన రాగంలో ఒక గీతం నడుస్తున్నాయి. పాపను వచ్చే ఏడాది తర్వాతి మెట్టుకు పంపుదామన్నారు, అందులో గీతం కన్నా పెద్దదైన స్వరజతి కూడా ఉంటుంది. బాబుకు మాత్రం ఏడాది ఆగుదామన్నారు. అక్కతో పాటు తనూ వెళ్తానని వాడు పేచీ పెడుతున్నాడు, వాళ్లమ్మ కూడా ఇద్దరినీ కలిపే పంపమంటోంది. నేను టీచర్ గారి పక్షానే ఉన్నాను. దాటు స్వరాల్లో వాడికి రెండో కాలం ఇంకా కుదరలేదు, గొంతు కూడా పెరిగే వయసు. ఈసారి ఫారం ఒక్కటే తెచ్చుకున్నాం.